ఎండలో నా రెండు గీతలు

జూన్ 2

ఇవాళ్టి నుంచి అన్నీ వరసగా రాసుకోవాలి. కొత్త సంగతి కనిపెట్టినవాళ్ళని తర్వాత అందరూ అడుగుతారట, ఎక్కడ చూశారు, ఎలా చూశారు అని. అప్పుడు తడుముకోకూడదు.

ఎండలో రెండు కొత్త గీతలు కనిపెట్టాను.

కనిపెట్టాననుకుంటున్నాను అని రాయడం పద్ధతి. కానీ కనిపెట్టాను.

కాలేజీ నుంచి తెచ్చుకున్న చేతి గొట్టం చాలా పాతది. ఇత్తడిది, వేలెడంత ఉంటుంది. ఒక కొసన సన్నటి చీలిక, లోపల పట్టకాలు, రెండో కొసన కన్ను పెట్టుకునే చోటు. చీలికలోంచి దూరిన వెలుగు లోపల రంగుల పట్టీగా విప్పుకుంటుంది. ఎండ వెలుగైతే ఆ పట్టీకి అడ్డంగా తలవెంట్రుకల్లాంటి నల్ల గీతలు ఉంటాయి. ఒక్కో గీత ఒక్కో రంగు గైర్హాజరు. సూర్యుడి పైనున్న ఆవిర్లు ఆ రంగుల్ని దారిలోనే మింగేస్తాయి. ఏ ఆవిరి ఏ రంగు మింగిందో పుస్తకంలో పట్టిక ఉంది. ఆ గీతల్ని చూసి పటం గియ్యడమే నా ప్రాజెక్టు.

చీలికను సన్నం చేసే మర తుప్పు పట్టి బిగుసుకుపోయింది. వెలుగు ఎక్కువ పడి గీతలన్నీ అలుక్కుపోతున్నాయి. డాబా ఎక్కి, ఎదుటి మేడ తెల్లగోడ మీద ఎండ కళ్ళు జిగేలుమనేలా పడుతుంటే, చీలిక ముందు రెండు వేళ్ళు ఆనించి అడ్డం పెట్టుకుని చూశాను. మా గొడుగుల కొట్లో గుడ్డకి చిల్లులు వెతకడానికి మా ఇంట్లో అందరం అలాగే కదా చూస్తాం, వేళ్ళ సందులోంచి. వెలుగు సరిగ్గా తగ్గింది.

పసుపు దాటి ఆకుపచ్చ మొదలయ్యే చోట రెండు గీతలు. పట్టికలో లేవు. మిగతా గీతల్లా సన్నగా కూడా లేవు, కాటుక వేలితో రాసినట్టు వెడల్పుగా, అంచులు మసగ్గా ఉన్నాయి.

కొత్తవి కదా. మొదట్లో అలాగే ఉంటాయేమో.

జూన్ 3

ఇంట్లో చెప్పకూడదనుకున్నాను. పొద్దున్న పళ్ళు తోముకుంటూ చెప్పేశాను.

నాన్న గొడుగు కమ్మీ వంచుతూ ఆగారు. "ఎండలో గీతలేంటే?"

"ఎండలో కొన్ని రంగులు తక్కువొస్తాయి నాన్నా. దారిలో ఆవిర్లు మింగేస్తాయి. ఎక్కడెక్కడ తక్కువొచ్చిందో చూస్తే మధ్యలో ఎవరున్నారో తెలిసిపోతుంది. సూర్యుడిలో సోడియం ఉందనీ, ఇనుముందనీ అలాగే తెలిసింది."

"ఎవరూ వెళ్ళకుండానే?"

"వెళ్తే కాలిపోరూ."

"అంటే సరుకు బయల్దేరిన చోట నిండుగా ఉంది, మనకి చేరేసరికి తగ్గింది. తగ్గినదాన్ని బట్టి దారిలో దొంగ ఎవడో చెప్పడం. అంతేనా?"

నా ప్రాజెక్టులో మూడు పేజీలు పట్టిన సంగతి నాన్న చేతిలో కమ్మీ దించకుండా చెప్పేశారు. నాకు కొంచెం కష్టంగా అనిపించింది.

నానమ్మ గడప మీద కూర్చుని అంతా విన్నది. "తూకంలో తక్కువొచ్చిందని కనిపెట్టావన్నమాట. కూరలవాడి దగ్గర నేను రోజూ కనిపెడతాను. నాకెవరిచ్చారే సీటు?"

"నాకూ ఇంకా ఇవ్వలేదు నానమ్మా."

నిజమే, ఇంకా ఇవ్వలేదు. కొండ మీది అబ్జర్వేటరీలో నక్షత్రాల వెలుగులోని గీతల్ని చదివే పని. మా కాలేజీకి ఒక్కటే సీటు. సెమినార్ అయ్యాక మా డిపార్టుమెంటు పెద్దసార్ పేరు పంపుతారు. పోటీలో ఉన్నది నేనూ, మా క్లాసులో అందరికంటే పొడుగని నేను నిచ్చెన అని పేరు పెట్టిన అబ్బాయీ. నిచ్చెనకి వాళ్ళింట్లో అందరూ చదువుకున్నవాళ్ళే. సీటు రాకపోతే ఇంకో చోటికి వెళ్తాడు. నాకు రాకపోతే మా గొడుగుల కొట్టుకి పట్టా ఉన్న పనిమనిషి దొరుకుతుంది.

సాయంత్రం ఇంట్లో అందరికీ గొట్టం ఇచ్చి చూపించాను. ఎలా పట్టుకోవాలో చెప్పబోతే నానమ్మ నా చెయ్యి తోసేసింది. "ఎండకేసి చూడ్డం నువ్వు నాకు నేర్పేదేంటి?" అని వేళ్ళు ఆనించి చూసింది. రెండు గీతలు కనిపించాయి. నాన్నకీ కనిపించాయి. అమ్మ మొదట సిగ్గుపడింది, తర్వాత గొట్టం దించనంది.

ముగ్గురు సాక్షులు. అందరూ ఇంటివాళ్ళే అయినా సాక్షులు సాక్షులే.

జూన్ 5

పెద్దసార్‌కి చూపించాను. ల్యాబులో గొట్టాన్ని స్టాండుకి బిగించి, చీలిక మీద నల్ల కాగితం ముక్కలు అతికించి వెలుగు తగ్గించాం. స్టాండు ఉంది కాబట్టి చేత్తో పట్టుకోవలసిన అవసరం లేకపోయింది.

ముందు నిచ్చెన చూశాడు. అంత పొడుగు మనిషి స్టాండు దగ్గరకి వంగేసరికి మడతమంచం మడిచినట్టయింది.

"నాకు పాతవే కనిపిస్తున్నాయి తల్లీ."

"పసుపు పక్కన చూడు."

"పసుపు పక్కన ఆకుపచ్చ ఉంది. అది కూడా నువ్వే కనిపెట్టావా?"

ఇతనితో మాట్లాడకూడదు.

తర్వాత సార్ చూశారు. కళ్ళద్దాలు తీసి చూశారు, పెట్టుకుని చూశారు. అప్పుడన్నారు:

"ఊఁ. ఉన్నాయి."

నాకు ఏడుపొచ్చింది.

"లేతగా ఉన్నాయి. కానీ ఉన్నాయి. రెండోది కొంచెం వంగినట్టుంది, గమనించావా?"

గమనించలేదు. అనుభవం అంటే అదీ. సార్ వచ్చే ఏడు రిటైరవుతారు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆయన పేరు అతికించి ఉన్నది మందుల గదిలో ఒక్క బీరువా మీదే. "చూద్దాంలే" అంటూ గది దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చి, "మొదటి గీతకి నా పేరు, రెండోదానికి నీ పేరు. ఏమంటావు?" అన్నారు.

ఏమంటాను. వంగిన గీత నాకు వచ్చింది, అంతే.

జూన్ 6

స్టాండు మీద నేను చూస్తే కనిపించలేదు. స్టాండు కదులుతున్నట్టుంది.

జూన్ 7

చేత్తో పట్టుకుంటే స్పష్టంగా ఉన్నాయి. స్టాండు మంచిది కాదు. మార్చమని అడగాలి.

జూన్ 8

నాన్న మాట వినడం లేదు. కొట్టుకి వచ్చినవాళ్ళందరికీ, చివరికి దారి అడగడానికి ఆగినవాళ్ళకి కూడా చెబుతున్నారు. ఇవాళ కాలేజీ నుంచి వచ్చేసరికి కొట్టు ముందు తెల్ల గొడుగులు విప్పి వేలాడదీసి ఉన్నాయి. ఒక్కోదాని మీద రెండు నల్ల చారలు. నాన్న చేతికీ మోచేతికీ రంగే.

"ఏంటి నాన్నా ఇది?"

"రెండు గీతల గొడుగు. మన సొంత సరుకు."

"ఆ గీతలకీ గొడుగుకీ సంబంధం ఏముంది?"

"ఎండలోంచి రెండు రంగులు తగ్గాయని మా అమ్మాయి కనిపెట్టింది, మిగతావి ఈ గొడుగు తగ్గిస్తుంది అని చెబుతున్నా. జనం ఎగబడుతున్నారే."

అబద్ధం ఏమీ లేదు కాబట్టి ఎక్కడ తప్పుపట్టాలో తెలియలేదు. చారలు రెండూ ఒకే వెడల్పు ఉన్నాయి, రెండోది కాస్త వెడల్పుగా ఉండాలని మాత్రం చెప్పాను. నాన్న బుద్ధిగా దిద్దారు.

జూన్ 10

సెమినార్ బోర్డు పెట్టారు. "సూర్యకాంతిలో రెండు నూతన గీతలు." కింద సార్ పేరు, దాని కింద నా పేరు. ఇరవై నాలుగున. వేరే కాలేజీల నుంచి కూడా వస్తారట.

నిచ్చెన బోర్డు ముందు నిలబడి చదివాడు. "వందేళ్ళ పైనుంచీ లోకమంతా ఆ ఎండనే పట్టి పట్టి చూస్తోంది కదా తల్లీ. ఎవరికీ కనబడకుండా అవి నీ కోసం దాక్కున్నాయా?"

"ఎవరూ సరిగ్గా చూడలేదేమో."

"మీ నానమ్మ చూసిందిగా."

దీనికి ఇంతవరకూ జవాబు దొరకలేదు. దొరికాక ఇక్కడ రాసుకుంటాను.

జూన్ 11

దొరకలేదు.

జూన్ 12

మా ఇంట్లోవాళ్ళకీ సార్‌కీ తప్ప ఎవరికీ కనిపించడం లేదన్నది నిజమే. లైబ్రేరియన్‌కి స్టాండు మీద చూపించాను, లేవంది. కాలేజీ గేటు దగ్గరి వాచ్‌మన్ అయితే ఉన్నాయన్నాడు, కానీ గొట్టం తిరగేసి పట్టుకున్నాడు.

నాన్న దీన్ని వేరేగా తీసుకున్నారు. "మన కళ్ళు అలాంటివి. తరతరాలుగా సూదిమొన అంత చిల్లు కూడా వదలని కళ్ళు. చదువుకున్నవాళ్ళ కళ్ళు పుస్తకాలకి అరిగిపోతాయి."

"నేనూ చదువుకున్నాను కదా."

"నువ్వు మొన్నమొన్ననేగా మొదలుపెట్టావు."

ఆలోచిస్తే ఇందులో కొంత శాస్త్రం ఉండవచ్చు. కంటిలో తేడాలు ఉంటాయి. సెమినార్‌లో ఒక పేరా దీని మీద పెట్టాలి.

జూన్ 13

ఆ పేరా పెట్టకూడదు.

జూన్ 14

దీన్ని రాయాలా వద్దా అని చాలాసేపు కూర్చున్నాను.

చీకటి పడుతుండగా నాన్న కొట్లో పెద్ద బల్బు వేశారు, ఆ పాతకాలం తీగ బల్బు, దగ్గర కూర్చుంటే చెవులు వేడెక్కుతాయి. ఊరికే, నిజంగా ఊరికే, గొట్టం అటు తిప్పాను. బల్బులో నల్ల గీతలు ఉండవు. తీగ వేడెక్కి వెలుగుతుంది, మధ్యలో మింగడానికి ఏ ఆవిరీ లేదు. రంగుల పట్టీ చెక్కుచెదరకుండా ఉండాలి.

సూర్యుడి గీతలన్నీ పోయాయి. నా రెండూ ఉన్నాయి.

"నాన్నా, ఈ బల్బు ఎక్కడ కొన్నారు?"

"మూల కొట్లో. ఏం?"

"ఇంకోటి ఉందా?"

నాన్న బల్బు మార్చారు. రెండు గీతలూ కదలకుండా ఉన్నాయి. నానమ్మ చేత కొవ్వొత్తి వెలిగింపజేశాను. మసగ్గా, కానీ ఉన్నాయి. సూర్యుడిలో, బల్బులో, కొవ్వొత్తిలో ఒకే ఆవిరి ఎలా ఉంటుంది? లోకమంతా ఉన్న ఆవిరా? గాలిలోనే ఉందా? ఇంకా పెద్ద సంగతి కనిపెట్టానా?

అప్పుడు చెవి దగ్గర దోమ వాలింది. తోలడానికి చెయ్యి తీశాను.

గీతలు పోయాయి.

వేళ్ళు పెట్టాను. వచ్చాయి. తీశాను. పోయాయి. పెట్టాను. తీశాను. "ఏంటే ఆ పిచ్చి చేష్టలు, బల్బుకి నమస్కారాలా?" అంది నానమ్మ.

వేళ్ళు ఆనించినప్పుడు వెలుగు సందులోంచి మాత్రమే రాదు. అంచుల్లోంచి, చర్మంలోంచి ఎర్రగా వస్తుంది. వేళ్ళలో ఏముంటుంది. రక్తానికి పసుపు, ఆకుపచ్చల మధ్య రెండు రంగులు మింగే గుణం ఉందని రెండో ఏడాది పుస్తకంలో ఉంది. బొమ్మ కూడా ఉంది. ఆ బొమ్మకి నేను పరీక్షలో ఐదు మార్కులు తెచ్చుకున్నాను.

సూర్యుడిలో నేను కనిపెట్టింది నా రక్తం.

జూన్ 15

మబ్బు. చూడడానికి వీల్లేదు. హమ్మయ్య.

జూన్ 16

మబ్బే. నేనేమీ అబద్ధం చెప్పడం లేదు. ఇంకా నిజం చెప్పలేదు, అంతే. రెండింటికీ చాలా తేడా ఉంది.

జూన్ 17

ఎండ కాసింది. తేడా అంత లేదనిపిస్తోంది.

నాన్న ఇవాళ చంటిపిల్లల గొడుగులకి కూడా చారలు వేశారు.

జూన్ 18

ఇంట్లో చెప్పేశాను. అందరూ ఒకేసారి ఉన్నప్పుడు చెబితే ఒకేసారి అయిపోతుందని భోజనాల దగ్గర చెప్పాను. గీతలు సూర్యుడివి కావు, వేళ్ళలోని రక్తానివి అని.

నాన్న చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. నాకు భూమిలోకి కూరుకుపోవాలనిపించింది.

"అంటే ఆ గీతలు మన రక్తంలో ఉన్నాయా?" అన్నారు చివరికి.

"అవును నాన్నా."

"మన రక్తంలోనే?"

"అవును."

నాన్న మొహం వెలిగిపోయింది. "ఇది ఇంకా గొప్పగా ఉందే! ఇదే చెబుతాను!"

"అందరి రక్తంలోనూ ఉంటాయి నాన్నా."

"అది చెప్పను."

నానమ్మ తన వేళ్ళు రెండూ దీపానికేసి పెట్టి ఒక కన్ను మూసింది. గొట్టం లేకుండా ఏమీ కనిపించదని చెప్పాను. "నా వేళ్ళు, నా కన్ను, మధ్యలో నువ్వెవరే" అంది.

అమ్మ మాత్రం నవ్వలేదు. కంచాలు తీస్తూ అడిగింది. "మరి మీ సార్ కూడా చూశానన్నాడుగా?"

"ఆఁ."

"ఆయన వేళ్ళు అడ్డం పెట్టాడా?"

"లేదమ్మా. అది స్టాండు మీద ఉంది."

"మరి ఏం చూశాడే?"

నాలుగు రోజులుగా నేను ఆలోచించకుండా తప్పించుకు తిరుగుతున్నది ఇదే. అమ్మ కంచాలు కడగడానికి వెళ్తూ వెళ్తూ పట్టేసుకుంది.

సార్ ఏమీ చూడలేదు. నేను నలుగురిలో నిలబడి వేళ్ళ సంగతి చెబితే, ఆ మరుక్షణం అందరికీ అదే ప్రశ్న వస్తుంది. సీటుకి పేరు పంపేది ఆయనే. చెప్పకపోతే, ఆ కొండ ఎక్కి, నక్షత్రాల ముందు కూర్చుని, నా రక్తాన్ని సూర్యుడికి అంటగట్టిన మనిషిగా బతకాలి.

"నలుగురిలో పెద్దాయన పరువు తియ్యకు. ముందు విడిగా వెళ్ళి చెప్పు" అంది అమ్మ వంటింట్లోంచి.

జూన్ 19

సార్ గదికి వెళ్ళాను. "సార్, గీతల గురించి" అన్నాను.

"నేనే పిలుద్దామనుకుంటున్నానమ్మా. తలుపు వేసిరా." సార్ గొంతు తగ్గించారు. ఆయన కళ్ళు చిన్నపిల్లాడి కళ్ళలా మెరుస్తున్నాయి. "మూడోది ఉంది."

"ఏంటి సార్?"

"మూడో గీత. నీలం వైపు. నిన్న స్టాండు మీద చూశాను. చాలా సన్నం. నీకు కనిపించకపోవచ్చు, ఎంతో అలవాటు ఉంటే గానీ కనిపించదు. దీన్ని సెమినార్ రోజే బయటపెడదాం."

నేను నోరు తెరిచాను. సార్ అప్పటికే మూడో గీతని కాగితం మీద రంగు పెన్సిలుతో గీసి ఉంచారు. ఎంత జాగ్రత్తగా గీశారో. స్కేలు కదలకుండా రెండు పక్కలా పుస్తకాలు ఆనించుకున్నారు.

"బాగుంది సార్" అన్నాను.

జూన్ 20

మళ్ళీ వెళ్ళాను. సార్ ఎవరితోనో ఫోన్లో, "రెండనుకున్నాం, ఇంకా ఎక్కువే ఉండేలా ఉన్నాయి" అంటున్నారు. తిరిగి వచ్చేశాను.

జూన్ 21

వెళ్ళలేదు.

నిచ్చెన క్యాంటీన్‌లో ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. "నీ మొహం ఏంటి తల్లీ, సూర్యుడు ఆరిపోయినట్టుంది?"

అతనికి చెబితే అంతా అయిపోతుంది, గీతలు లేవని ముందే అన్నవాడు కాబట్టి సీటు అతనికే వస్తుంది. చెప్పకూడదు. "ఒక మాట అడగనా? నువ్వు చూడనిదాన్ని పెద్దవాళ్ళు చూశామంటే ఏం చేస్తావు?" అని మాత్రం అడిగాను.

"మా ఇంట్లో రోజూ అదే కదా. మా నాన్నకి నాలో ఐఏఎస్ కనిపిస్తాడు." టీ ఊదుకున్నాడు. "ఏం చెయ్యను. చూడనిస్తాను."

ఇతను కొన్నిసార్లు బాగానే మాట్లాడతాడు. ఇది రాసినందుకు ఇప్పటికే బాధపడుతున్నాను.

జూన్ 23

రేపే.

రెండు ఉపన్యాసాలు రాసుకున్నాను. ఒకటి గీతలు ఉన్నాయని, ఇంకోటి లేవని. మొదటిది చాలా బాగా వచ్చింది.

జూన్ 24

మొదటినుంచీ రాస్తాను.

హాలు నిండింది. ముందు వరసలో వేరే కాలేజీలవాళ్ళు. నాన్న, అమ్మ, నానమ్మ వెనక వరసలో. నాన్న చారల గొడుగు తెచ్చారు, హాల్లోనే సగం విప్పి పట్టుకున్నారు, అమ్మ మూయించింది. సార్ కొత్త చొక్కా వేసుకున్నారు. బల్ల మీద గొట్టం, స్టాండు, నేను అడిగి తెప్పించుకున్న తీగ బల్బు.

సార్ నన్ను పరిచయం చేస్తూ, "మొదటిసారి విన్నప్పుడు నేనూ నమ్మలేదు. కానీ కళ్ళారా చూశాను" అన్నారు.

లేచి నిలబడ్డాను. చేతిలో మొదటి ఉపన్యాసమే ఉంది. మొదటి వాక్యం చదివాను కూడా. "సూర్యకాంతిలో ఇంతవరకూ ఎవరూ గుర్తించని రెండు గీతలు". ఆ తర్వాతి మాట "ఉన్నాయి". అది నోట్లోంచి రాలేదు. ఎంతకీ రాలేదు. ఎవరో దగ్గారు. కాగితం పక్కన పెట్టి బల్బు వేశాను.

"ఇది బల్బు. ఇందులో నల్ల గీతలు ఉండకూడదు. ఎవరైనా వచ్చి చూడండి."

నిచ్చెన వచ్చి మడతపడ్డాడు. "ఏమీ లేవు" అన్నాడు.

"ఇప్పుడు రెండు వేళ్ళు ఇలా ఆనించి, చీలిక ముందు పెట్టుకో."

పెట్టుకున్నాడు. ఊపిరి బిగబట్టాడు. "అరె. రెండు. పసుపు పక్కన." వేళ్ళు తీశాడు, పెట్టాడు. "ఏంటిది?"

"నీ రక్తం. నేను సూర్యుడిలో చూసింది నా రక్తాన్ని. మా ఇంట్లో గొడుగు గుడ్డకి చిల్లులు ఇలా చూస్తాం. ఆ అలవాటుతో వేళ్ళు అడ్డం పెట్టుకున్నాను. సూర్యుడిలో కొత్త గీతలేవీ లేవు. బోర్డు మీది పేరు తప్పు. తప్పు నాదే."

హాలంతా ఒక్కసారి గొల్లుమంది. నా చెవులు ఆ బల్బు కంటే వేడెక్కాయి. నవ్వు తగ్గాక ముందు వరసలోంచి ఒక పెద్దావిడ, వేరే కాలేజీ ప్రొఫెసర్, చెయ్యెత్తింది.

"మరి మీ సార్ కూడా కళ్ళారా చూశానన్నారు కదమ్మా?"

సార్ కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకుని ఉన్నారు. కొత్త చొక్కా కాలరు మీద దుకాణం చీటీ ఇంకా ఉంది. అది చూసేసరికి నాకు ఏదోలా అయిపోయింది.

"సార్ కూడా వేళ్ళు పెట్టుకుని ఉంటారు" అన్నాను.

ఈ డైరీలో రాసినవాటిలో తెలిసి చెప్పిన అబద్ధం ఇదొక్కటే.

సార్ లేచారు. "అవునవును. పెట్టుకునే చూశాను. నాకూ అలవాటే" అంటూ బల్ల దగ్గరికి వచ్చి, గొట్టం స్టాండు నుంచి తీసుకుని, వేళ్ళు పెట్టారు. వంకరగా పెట్టారు. నేను మెల్లిగా సరిచేశాను. బల్బుకేసి చూశారు.

"అబ్బా!" అన్నారు. హాలు చివర దాకా వినిపించింది. "నిజంగానే ఉన్నాయే!"

ముందుగా నవ్వింది ఆ పెద్దావిడ. తర్వాత హాలు హాలంతా. సార్‌కి అది వినిపించినట్టు లేదు. ఆయన గొట్టం దించలేదు. వేళ్ళు తీసి చూశారు, పెట్టి చూశారు, ఎడమచేతి వేళ్ళు పెట్టి చూశారు. చొక్కా చేతులు పైకి మడుచుకున్నారు.

"ఎంత చక్కగా ఉన్నాయి" అన్నారు, ఎవరితోనూ కాదు. కాసేపాగి, "రెండే. మూడోది లేదు" అన్నారు.

హాల్లో అందరూ ఒకరి తర్వాత ఒకరు వచ్చి చూశారు. వరస తలుపు దాటి వరండాలోకి వెళ్ళింది. వేళ్ళు ఎలా పెట్టాలో నానమ్మ నేర్పింది. సరిగ్గా పెట్టనివాళ్ళ చేతి మీద ఒకటి వేసింది, వాళ్ళలో ఇద్దరు డాక్టరేటువాళ్ళు. నాన్న వరండాలో నిలబడి, "మా రక్తంలోనే" అని చెబుతూ రెండు గొడుగులు అమ్మారట.

జూన్ 25

సీటు పోయింది. అది తెలిసే చేశాను కాబట్టి బాధ ఉండకూడదు.

ఉంది.

జూన్ 26

కొట్లో కూర్చుని కమ్మీలు బిగించాను. నాన్న ఏమీ అడగలేదు. బాగా బిగించావు అన్నారు. దానికి ఏడుపొచ్చింది.

జూన్ 27

సార్ పిలిపించారు. గదిలో బల్ల మీద రంగు పెన్సిళ్ళు లేవు.

"సీటుకి నీ పేరు పంపాను" అన్నారు.

నా నోట్లోంచి ముందు వచ్చినది తప్పుడు మాట. "నిచ్చెనకి కదా సార్ రావాలి? లేవని అతను మొదటి రోజే చెప్పాడు."

"అతన్నీ పిలిచి అడిగాను. ఎలా తెలిసిందోయ్ లేవని అంటే, తెలియలేదు సార్, ఆకలేస్తోందని తొందరగా లేచిపోయాను అన్నాడు. నిజాయితీపరుడే. నీ పేరు పంపమని కూడా అతనే అన్నాడు."

సార్ కళ్ళద్దాలు తుడుచుకున్నారు. చాలాసేపు తుడుచుకున్నారు.

"అక్కడివాళ్ళు రాత్రంతా నక్షత్రాల్లో లేనిదాన్ని ఏరి పారేస్తూ కూర్చుంటారు. దుమ్ము, గాజు, గాలి, కళ్ళు. నీదాన్ని నువ్వే ఏరి పారేశావు. వెళ్ళు. బాగా చెయ్యి."

"థాంక్స్ సార్."

తలుపు దాకా వెళ్ళాను.

"ఒక్క షరతమ్మా. అక్కడ నీకు కొత్తదేదైనా కనిపిస్తే, చూడమని నన్ను మాత్రం పిలవకు."

"ఎందుకు సార్?"

"పిలిస్తే నాకూ కనిపిస్తుంది."

సరే సార్ అన్నాను. ఇద్దరం కాసేపు నవ్వకుండా ఉండడానికి చాలా కష్టపడ్డాం. ముందు సారే ఓడిపోయారు.